సొంత యూనిక్సు కంప్యూటరునకు మెమొరీ యెంత కావలయును?

పిల్లలకు కంప్యూటరు కొనదలచిన తలిదండ్రులు నేడు ముఖ్యముగ రెండు ప్రశ్నలు వేయుచున్నారు. ఒకటి వెలను గూర్చినది. రెండవది మెమొరీని గూర్చినది. విచారించినచో ఈ రెండును ఒక్క ప్రశ్నయే. 2025 సంవత్సరపు కడపటి నెలలలో, కృత్రిమ మేధ కొఱకు నెలకొల్పబడుచున్న గొప్ప యంత్రశాలలవారు మెమొరీని పెద్దపెట్టున కొన మొదలిడుటచే, సామాన్యులు కొను మెమొరీ పలకల వెల అకస్మాత్తుగ హెచ్చెను. కొన్ని రకముల వెల కొలది నెలలలోనే రెండింతలను మించెను. "ఎందుకైనను మంచిది, ఎక్కువదే తీసికొందము" అనుట యొకనాడు చిన్న మాట; మధ్యతరగతి యింటికి ఇప్పుడది బరువైన మాట. మఱియొకప్రక్క, రెండు గిగాబైట్ల మెమొరీ గల పాత యంత్రములు "ఇక పనికిరావు" అనిపించుకొని పాఠశాలల మూలగదులకును, పాతసామానుల కొట్లకును చేరుచున్నవి. అక్కఱలేనిదానికి డబ్బు పెట్టుటయు, అక్కఱకు వచ్చుదానిని పాఱవేయుటయు ఒకేమారు జరుగుచుండగా, ఈ విషయమును గూర్చి నా యభిప్రాయమును వ్రాయుట అనావశ్యకము కాదని తలచెదను.

యూనిక్సు అనునది కంప్యూటరును నడపు వ్యవస్థలలో నొక వంశమునకు పేరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు దానికి మూలపురుషులు. నేటి లినక్సు, బీఎస్‌డీ వ్యవస్థలు, ఆపిల్ వారి మాక్ కంప్యూటరులోని వ్యవస్థ, ఇవన్నియు ఆ వంశములోనివే. కొన్ని కన్నబిడ్డలు, కొన్ని పెంచుకొన్నవి. ఆండ్రాయిడు ఫోనులోపల నున్నదియు లినక్సు కెర్నెలే గనుక, యూనిక్సు బంధువును చేతబట్టి యెఱుగని బాలుడు తరగతికి ఒక్కడైన నుండునో లేదో సందేహమే.

ఇక మెమొరీ యనగా డిస్కు కాదు. ఈ రెండింటిని కలగాపులగము చేయుట చదువుకొన్న పెద్దలలో సైతము కలదు. కోసిన పంట కుప్పగా వేయబడియుండును. నూర్పు జరుగునది మాత్రము కళ్ళములో. కుప్ప ఎంత పెద్దదైనను, మోపులు విప్పి కళ్ళమున పఱచినగాని గింజ రాలదు. డిస్కు కుప్ప, మెమొరీ కళ్ళము. కంప్యూటరు ఏ ప్రోగ్రామును నడపవలెనన్నను, ఏ వ్యాసమును చూపవలెనన్నను, దానిని ముందుగ మెమొరీలోనికి తెచ్చుకొనవలసినదే. విద్యుత్తు పోయినచో డిస్కుమీదిది నిలుచును, మెమొరీలోనిది పోవును. కొలతలు విద్యార్థు లెఱిగినవే: 1,024 బైట్లు ఒక కిలోబైటు, 1,024 కిలోబైట్లు ఒక మెగాబైటు, 1,024 మెగాబైట్లు ఒక గిగాబైటు.

మన ప్రశ్నకు లోకములో రెండు తొందరపాటు సమాధానములు గలవు. ఎంత యెక్కువయైన నంత మంచిదని దుకాణదారు చెప్పును. యూనిక్సునకు మెమొరీ యక్కఱయే లేదని, జనులు వృథాగా నాశపడుచున్నారని, యూనిక్సు పాతభక్తుడు చెప్పును. మొదటివాని మాటలోని లాభాపేక్షను అందఱు నెఱుగుదురు గనుక దానిని గూర్చి విస్తరింపను. రెండవవాని మాటలో చరిత్ర కలదు, అది వినదగినది.

థాంప్సన్ 1969లో మొదటి యూనిక్సును వ్రాసినది పీడీపీ-7 అను, అప్పటికే పాతబడి యెవరును అంతగా వాడని యంత్రముపైన. దాని మెమొరీ 18 బిట్ల పదములు ఎనిమిదివేల చిల్లర. మన లెక్కకు 18 కిలోబైట్లు. అందు సగము వ్యవస్థకు, సగము వాడువాని ప్రోగ్రామునకు. తరువాత వచ్చిన పీడీపీ-11 యంత్రమునకు 24 కిలోబైట్లు. అందు 16 వ్యవస్థకు, 8 వాడువారికి. దాని డిస్కు మొత్తము 512 కిలోబైట్లు మాత్రమే. 1971 ఉత్తరార్ధమున బెల్ సంస్థ పేటెంటు శాఖకు చెందిన ముగ్గురు టైపిస్టులు ఆ యంత్రముమీదనే దినమంతయు దరఖాస్తులు టైపు చేయుచు, దిద్దుచు, పుటలుగ తీర్చుచు నుండిరి. దానిని నిర్మించినవారు అదే యంత్రమున తమ పనియు సాగించుకొనుచుండిరి. రిచీ, థాంప్సనులు 1974లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున తమ పీడీపీ-11/45కు 144 కిలోబైట్ల మెమొరీ కలదనియు, అందు యూనిక్సు ఆక్రమించునది 42 కిలోబైట్లే యనియు, మొత్తము 50 కిలోబైట్లతోనైనను పని జరుపవచ్చుననియు వ్రాసిరి.

ఎనిమిది గిగాబైట్ల మెమొరీలో ఆ 24 కిలోబైట్ల మెమొరీలు దాదాపు మూడులక్షల యేబదివేలు ఇముడును. యంత్రమునకు ముగ్గురు టైపిస్టుల చొప్పున లెక్కించినచో పదిలక్షలమందికి పైగా కూర్చుండదగిన చోట, నేడొక్క బాలుడు కూర్చుండి "చాలుట లేదు" అనుచున్నాడు. ఇది వినుటకు హాస్యముగ నున్నది. పాతభక్తుడు ఇక్కడనే నవ్వి ఊరకుండును. మనము మాత్రము ఆ మెమొరీ ఎచటికి పోయినదో చూడవలయును. ఏలయన పోయినదంతయు వృథాగా పోలేదు.

ముందుగ అక్షరములను చూతము. ఆనాటి యంత్రము ఇంగ్లీషు లిపిని మాత్రమెఱుగును. అక్షరమునకు ఒక బైటు. నేడు తెలుగును యూనికోడులో, యూటీఎఫ్-8 పద్ధతిని వ్రాయునపుడు, ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్లు పట్టును. "క్రీ" అను అక్షరమును తీసికొనుడు: క, పొల్లు, ర, గుడిదీర్ఘము, మొత్తము నాలుగు సంకేతములు, పండ్రెండు బైట్లు. 24 కిలోబైట్లనగా 24,576 బైట్లు. తెలుగు సంకేతములు 8,192. మీరు చదువుచున్న యీ వ్యాసమొక్కటియే ఆ యంత్రపు మెమొరీలో పూర్తిగా నిమడదు. యూటీఎఫ్-8ను 1992లో, రాబ్ పైకుతో కలిసి, రూపొందించినవాడు ఆ కెన్ థాంప్సనే యగుట చిత్రము. తన యింటిని చిన్నదిగ కట్టినవాడే లోకములోని లిపులన్నిటికి అందులో గది చూపినాడు. మన భాష తెరమీద కనబడుటకు పట్టు మెమొరీని వ్యర్థమని నేననను.

తరువాత తెర. టైపిస్టుల యెదుట నుండినది కాగితముపై అచ్చువేయు యంత్రము. దానికి చిత్రమును నిలుపుకొను మెమొరీ యక్కఱలేదు. 1980వ దశాబ్దపు తొలి సంవత్సరములలో, పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మన చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డిగారును, వారి సహచరులును విద్యావంతుని సొంత కంప్యూటరునకు కనీసపు కొలతగ మూడు పదిలక్షలను నిర్ణయించిరి: ఒక మెగాబైటు మెమొరీ, పదిలక్షల చుక్కల తెర, సెకండునకు పదిలక్షల యాదేశములు. (రాజ్ రెడ్డిగారికి 1994లో ట్యూరింగు పురస్కారము లభించినది, ఆసియాఖండమున జన్మించినవారిలో వారే మొదటివారు.) ఇప్పటి ప్రశ్నయే ఆనాడును వేయబడినది, అప్పటి యుత్తరము ఒక మెగాబైటు. ఆనాడు తెర నలుపుతెలుపులది గనుక చుక్కకు ఒక బిట్టు చాలెను. నేటి సామాన్యపు తెరకు అడ్డముగ 1,920, నిలువుగ 1,080 చుక్కలు. రంగులకై చుక్కకు నాలుగు బైట్లు. గుణించి చూచినచో ఒక్క తెరనిండు బొమ్మకే 82,94,400 బైట్లు, అనగా దాదాపు ఎనిమిది మెగాబైట్లు. ఫోనుతో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఛాయాచిత్రము డిస్కుమీద మూడునాలుగు మెగాబైట్లుగ నణగియుండినను, తెఱచినపుడు మెమొరీలో 48 మెగాబైట్లుగ విచ్చుకొనును. విద్యార్థులు ఈ గుణకారములను తామే చేసి చూచుకొనవలెనని కోరెదను. ఇందు రహస్యమేమియు లేదు.

మూడవది గోడలు. 1971 నాటి ఆ పీడీపీ-11లో ఒక ప్రోగ్రామునుండి మఱియొకదానిని కాపాడు ఏర్పాటు లేకుండెను. ఎవడైన కొత్త ప్రోగ్రామును పరీక్షించునపుడు అది తప్పుదారి పట్టినచో యంత్రమంతయు నిలిచిపోవును. టైపిస్టుల పనియు దానితో పోవును. ఇప్పుడు ప్రోగ్రామునకు ప్రోగ్రామునకు మధ్య గోడ కలదు. అంతటితో ఆగక, 2018లో ప్రాసెసర్లలోని "స్పెక్టర్" మొదలగు లోపములు బయలుపడిన పిమ్మట, క్రోము బ్రౌజరు ఒక్కొక్క వెబ్‌సైటును వేఱు వేఱు ప్రక్రియలలో నుంచసాగినది. అందుకై మెమొరీ నూటికి పది మొదలు పదమూడు వంతులవఱకు అధికముగ పట్టునని దానిని నిర్మించినవారే చెప్పిరి. నీ బ్యాంకు పుటను ప్రక్కనున్న ఆటల పుట చూడకుండుటకు కట్టిన గోడ యది. గోడకు స్థలము కావలయును గదా.

అయితే సోమరితనము లేదనుకొనరాదు. నాలుగు మాటలు వ్రాసి పంపుకొనుటకు మాత్రమే యుద్దేశింపబడిన చిన్న కిటికీ ప్రోగ్రాములు కొన్ని, తమ వెంట నొక బ్రౌజరునంతయు మోసికొనివచ్చును. అట్టివి మూడు తెఱచినచో మూడు బ్రౌజర్లు తెఱచినట్లే. దీనికి మెమొరీ కొనిపెట్టవలసిన బాధ్యత తండ్రిమీద నెందుకు పడవలయునో నాకు తెలియదు. ఆ పనియే బ్రౌజరులో నొక పుటగ తెఱచుకొనవచ్చును.

కళ్ళము ఇరుకైనప్పుడేమగును? పంట నూర్చుటకు చోటు చాలక, ఒక మోపును తెచ్చుటకు మఱియొక మోపును కుప్పకు చేర్చవలసివచ్చును. కంప్యూటరును అట్లే చేయును. మెమొరీ నిండినపుడు, అప్పటికి వాడుకలో లేని భాగములను డిస్కుపై "స్వాపు" అను చోటికి పంపి, మరల కావలసినపుడు తెచ్చుకొనును. ఈ యుపాయము 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయపు అట్లాసు యంత్రమునందే కలదు. యూనిక్సులోనికి పుటల రూపమున 1979లో బర్క్‌లీవారి కూర్పుతో వచ్చినది. ఉపాయము మంచిదే గాని దానికొక హద్దు కలదు. మెమొరీలోని మాటను అందుకొనుటకు సుమారు సెకండులో కోటవ వంతు పట్టును. తిరుగు డిస్కునుండి తెచ్చుటకు సెకండులో నూఱవ వంతు. మెమొరీని చేరుటకు ఒక సెకండు పట్టుననుకొన్నచో, డిస్కును చేరుటకు లక్ష సెకండ్లు, అనగా ఒక దినమును మూడుగంటలకు పైగాను పట్టునన్నమాట. సాలిడ్ స్టేట్ డిస్కైనచో పదునేడు నిమిషములు. ఎప్పుడో యొకసారి యైన ఓర్చుకొనవచ్చును; ప్రతి మోపునకు నిదే యైనచో మోయుటయే గాని నూర్పిడి యుండదు.

పీటర్ డెన్నింగ్ అను శాస్త్రజ్ఞుడు 1968లో దీనికి లెక్క చూపినాడు. ప్రోగ్రాము మొత్తము ఎంత పెద్దదన్నది కాదు ప్రశ్న. ఆ కొద్దికాలములో అది నిజముగ మరల మరల తాకుచున్న భాగమెంత? దానికి "చేతిలోని పని" యని పేరిడుకొందము. నడచుచున్న ప్రోగ్రాములన్నిటి చేతిలోని పని మెమొరీలో నిమిడినంతవఱకు యంత్రము హాయిగ నడచును. ఇమడనిచో కొంచెము కొంచెముగ మందగింపదు, ఒక్కసారిగ చతికిలబడును. మెమొరీని గూర్చిన నా యభిప్రాయమంతయు డెన్నింగు చూపిన యీ విషయముపై నాధారపడియున్నది. కంప్యూటరునకు మెమొరీ యెంత కావలెనన్న ప్రశ్నకు యంత్రమును చూచి యుత్తరమీయరాదు. దానియెదుట కూర్చుండువాడు ఒకేమారు ఎన్ని పనులు చేతబట్టుకొనునో చూచి యీయవలయును.

ఇందుకు చరిత్రలో నొక చక్కని యుదాహరణము కలదు. ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును వ్రాసినది నాలుగు మెగాబైట్ల మెమొరీ గల కంప్యూటరుపైన. ఆ సంవత్సరాంతమున జర్మనీ దేశస్థు డొకడు రెండు మెగాబైట్లే గల తన యంత్రమున ఆ కెర్నెలును కంపైలు చేయబోగా మెమొరీ చాలలేదు. ఇంతకంటె చిన్న కంపైలరుతో పని జరుగునా యని యడిగెను. టోర్వాల్డ్సు అతనిని యెక్కువ మెమొరీ కొనుమనలేదు. క్రిస్మసు దినములలో కూర్చుండి, మెమొరీ పుటలను డిస్కుకు పంపు ఏర్పాటును లినక్సులో వ్రాసిపెట్టెను. ఆ యేర్పాటు తనకు అక్కఱలేదు. రెండు మెగాబైట్లవానికి కావలసివచ్చినది. చౌక యంత్రములవారు లినక్సును చేపట్టుటకు ఇట్టి పనులు చాల తోడ్పడినవి.

ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను విద్యార్థులకు ఇచటనే యొక మాట చెప్పవలసియున్నది. 1973లో యూనిక్సులో చేరిన "పైపు" అను సాధనము ఒక ప్రోగ్రాము వెలువరించినదానిని వెంటనే మఱియొక ప్రోగ్రామునకు అందించును. మధ్యలో మొత్తమును నిలువచేయ నక్కఱలేదు. పది గిగాబైట్ల ఫైలులో ఒక పేరును వెదకవలెనన్నచో, వరుస తరువాత వరుసగ చదువు ప్రోగ్రామునకు కొలది మెగాబైట్లు చాలును. అదే ఫైలును ముందు మొత్తముగ మెమొరీలోనికి లాగుకొని పిదప వెదకు ప్రోగ్రామునకు పదునాఱు గిగాబైట్లును కష్టమే. పైథాను నేర్చు బాలురు ఫైలును ఒక్క గ్రుక్కలో మ్రింగు పద్ధతిని మొదట నేర్చి, అది యంత్రపు లోపమని తలచుచుందురు. చిన్న మెమొరీ గల యంత్రమున నేర్చినవాడు ఈ భేదమును మొదటి వారముననే గ్రహించును. అది మంచిదే గాని, అందుకై బాలుని యెల్లకాలము ఇరుకున పెట్టుటను నేను సమర్థింపను. మెమొరీ పూర్తిగా నిండి స్వాపును నిండినపుడు లినక్సు కెర్నెలు తానే యొక ప్రోగ్రామును ఎంచి చంపును. అది వ్రాసి భద్రపఱుపని వ్యాసము గల ప్రోగ్రామైనచో పిల్లవాని సాయంకాలమంతయు పోయినట్లే.

కావున ఊహించుట మాని కొలిచి చూడవలయును. లినక్సు టెర్మినలులో ఇంగ్లీషున "ఫ్రీ" యను నాలుగక్షరముల యాదేశమును టైపు చేసినచో మెమొరీ లెక్క కనబడును. దానిని చూచి భయపడువారు పెక్కురు. ఎనిమిది గిగాబైట్ల యంత్రములో "ఫ్రీ" యని చూపు గడిలో అరగిగాబైటు మాత్రమే యుండును. వెంటనే మెమొరీ యైపోయినదని తలచి దుకాణమునకు పరుగెత్తుదురు. నిజమేమనగా, లినక్సు ఖాళీ మెమొరీని ఖాళీగ నుంచదు. డిస్కునుండి యొకసారి చదివినదానిని, మరల నక్కఱపడునేమోయని, అందుంచుకొనును. మఱియొక ప్రోగ్రామునకు చోటు కావలసినచో వెంటనే విడిచిపెట్టును. తెలివిగల రైతు ఖాళీ కళ్ళమున రేపటి మోపులను పఱచియుంచుట వంటిదిది. చూడవలసినది "అవైలబుల్" అను కడపటి గడి. అంతకంటె నమ్మదగినది "వీఎంస్టాట్" అను ఆదేశము. దాని ప్రక్కన ఒకటి అంకె వేసినచో సెకండునకొక వరుస చూపును. అందు "ఎస్‌ఐ", "ఎస్‌ఓ" యను గడులు స్వాపునుండి వచ్చుదానిని, పోవుదానిని తెలుపును. మీ నిత్యకృత్యములన్నియు తెఱచియుంచి పది నిమిషములు చూడుడు. సున్నలే యున్నచో మీకు మెమొరీ చాలినది. ఎవరేమి చెప్పినను కొనవలదు. ఎడతెగక అంకెలు పరుగెత్తుచున్నచో చాలలేదు. మాక్ కంప్యూటరులో యాక్టివిటీ మానిటరు నందలి మెమొరీ ప్రెషరు పటము పచ్చగ నున్నంతవఱకు చింతలేదు.

ఇక అంకెలు చెప్పుమందురు గదా. టెర్మినలులో ఆదేశములు, సీ భాష, వ్యాసరచన మాత్రమే నేర్చుకొనదలచినవానికి, కిటికీలు లేని డెబియన్ లినక్సుతో, అర గిగాబైటు చాలును. డెబియన్ 12వ కూర్పువారు కిటికీలతో కూడిన యంత్రమునకు కనీసము ఒక గిగాబైటని, రెండైనచో మంచిదని చెప్పిరి. ఆ మాట వ్యవస్థ మట్టుకు సత్యమే. బ్రౌజరు ఆ రెండింటిని ఒక్కతే తినగలదు. నాలుగు గిగాబైట్లతో నాలుగైదు పుటలు తెఱచుకొని, లిబ్రే ఆఫీసులో వ్రాసికొను విద్యార్థికి సుఖముగనే గడచును. ముప్పది పుటలు తెఱచియుంచు నలవాటు గలవానికి గడవదు. అలవాటును మార్చుకొనుట మెమొరీ కొనుటకంటె చౌక. ఇంటిల్లిపాదికి నుపయోగించునట్లు నేడు కొత్తగ కొను యూనిక్సు కంప్యూటరునకు ఎనిమిది గిగాబైట్లు సరియైన కొలతయని నా నిశ్చితాభిప్రాయము. కల్పిత యంత్రములను లోపల నడపువానికి, చలనచిత్రములను కూర్చువానికి పదునాఱు. క్రోమియం బ్రౌజరును వాడుటకు కాక నిర్మించుటకు పూనినవానికి ఎనిమిది కనీసమనియు, పదునాఱునకు పైగా నుండుట మేలనియు దాని కర్తలే చెప్పుచున్నారు. కాని ఉన్నత పాఠశాలలో నట్టివాడు ఒక్కడు దొరకుట యరుదు. ముప్పదిరెండును గూర్చి పాఠశాల బాలునితో మాటలాడు దుకాణదారునకు నమస్కారము చేసి రావచ్చును.

ఈ నిర్ణయమునకు ఒక్క మినహాయింపు కలదు, అది ముఖ్యమైనది. పూర్వము మెమొరీ పలకను గూటిలో గ్రుచ్చెడివారు. చాలనిచో రెండేండ్లకు మఱియొకటి కొని చేర్చుకొనవచ్చును. నేటి పలుచని కంప్యూటర్లలో పెక్కింటియందు మెమొరీ పలకకే అతికింపబడియుండును. ఆపిల్ వారు 2020లో ఎం1 ప్రాసెసరుతో మొదలిడి మెమొరీని ప్రాసెసరుతో నొకే పొదియందు చేర్చిరి. దానిని తరువాత పెంచుకొను మార్గమే లేదు. ఆ సంస్థయే 2024 అక్టోబరులో తన మాక్‌బుక్ ఎయిర్ ప్రారంభపు మెమొరీని ఎనిమిదినుండి పదునాఱు గిగాబైట్లకు పెంచెను. (2001లో మొదటి మాక్ ఓఎస్ పది వెలువడినప్పుడు వారు కోరినది 128 మెగాబైట్లు.) గూడున్న యంత్రమైనచో ఎనిమిదితో కొని, మిగిలిన ధనము నుంచుకొనుడు. అతికించిన యంత్రమైనచో, అయిదాఱేండ్లు వాడదలచితిరేని, పదునాఱే తీసికొనుడు; లేదా గూడున్నదానికై మఱియొక దుకాణము చూడుడు. నేను రెండవదే చేయుదును. మరమ్మతునకు వీలులేని వస్తువును పేదవాని కంటగట్టుట నాకు సమ్మతము కాదు.

పాత యంత్రముల మాట మిగిలినది. ఇంగ్లండులో పిల్లలకు ప్రోగ్రాములు నేర్పుటకే పుట్టిన రాస్ప్‌బెర్రీ పై 2012లో 256 మెగాబైట్లతో వచ్చినది. దానిమీద నేర్చుకొన్న బాలబాలికలు లెక్కకు మించినవారు. అట్లుండగా దానికి ఎనిమిదింతల మెమొరీ గల రెండు గిగాబైట్ల యంత్రమును మూలగదిలో బూజు పట్టించుట యెట్లు న్యాయమగును? దానిపై ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన కిటికీల కూర్పు పెట్టవచ్చును. మెమొరీ పుటలను అదిమి చిన్నవిగ చేసి మెమొరీలోనే దాచు "జడ్‌ర్యామ్" అను నేర్పాటు లినక్సులో కలదు. ఫెడోరావారు 2020నుండి దానిని అడుగకుండగనే అమర్చి యిచ్చుచున్నారు. గడ్డిని త్రొక్కి వామిలో ఎక్కువ పట్టించుటవంటిదే యిది. పాత పుస్తకములలోని "మెమొరీకి రెండింతలు స్వాపు" అను సూత్రము కొలది మెగాబైట్లనాటిది. రెండు గిగాబైట్ల యంత్రమున నది నేటికిని తగును, ఎనిమిదింటికి రెండుమూడు గిగాబైట్ల స్వాపు చాలును.

అట్టి యంత్రమునకు మెమొరీ కొని చేర్చదలచినవారు ముందుగ మూత తెఱచి పలక రకమును చూచుకొనవలయును. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 పలకల గంట్లు వేఱు వేఱు చోట్ల నుండును. ఒకదాని గూటిలో మఱియొకటి దిగదు, బలవంతము చేసినచో గూడు విఱుగును. "ఎల్‌ఎస్‌సీపీయూ" అను నాదేశముతో ప్రాసెసరు 64 బిట్లదో కాదో కూడ చూచుకొనవలయును. 32 బిట్లదైనచో దానిపై నే ఒక్క ప్రోగ్రామును నాలుగు గిగాబైట్లను మించి చేరజాలదు. పైగా 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13ను అట్టి యంత్రమున స్థాపించుకొను వీలు లేదు. దానికి మెమొరీపై ఒక్క రూపాయియైన పెట్టవలదు. ఉన్న మెమొరీతోనే, వల తీసివేసి, సీ భాష నేర్పుటకు తరగతిలో నొక మూల నుంచవచ్చును.